తంగేడుకోట క్యాంపులో ఎర్ర కారు

వేములదిన్నె వేగ నియంత్రణ విభాగానికి స్పోర్ట్స్ కారు వచ్చిన రోజున మెకానిక్ మీరావలి షెడ్డులో పాత జీపు కింద పడుకుని ఉన్నాడు. బయట పులి గొంతు సవరించుకున్నట్టు వినపడి దిగ్గున లేవబోయాడు. జీపు నెత్తికి తగిలింది. ఆ బొప్పి రుద్దుకుంటూనే బయటికి వచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో అతను జీపులు చూశాడు, నీళ్ళ ట్యాంకర్లు చూశాడు, ఒకసారి మంత్రిగారి అంబాసిడర్‌కు గాలి కూడా కొట్టాడు. ఇలాంటిది మాత్రం మంగలి షాపు క్యాలెండర్లో తప్ప చూసి ఎరగడు. రక్తమంత ఎరుపు. ఎత్తు అతని నడుముకి కూడా రాదు. రెండే తలుపులు, రెండే సీట్లు.

ఎర్రచందనం కేసులో పట్టుబడిన కారు అది. జప్తు వాహనాల జాబితాలో దాని పేరు పక్కన 'మిక్కిలి వేగం గలది' అని రాసి ఉండటం చూసి, పైవాళ్ళు పేరులో వేగం ఉన్న విభాగం ఏదా అని వెతికి, దానికే కేటాయించారు. పేరులో 'నియంత్రణ' కూడా ఉందన్న సంగతి రెండో పేజీలోకి పోయింది.

వేగ నియంత్రణ విభాగపు వాహనాలేవీ గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకూడదు. అది ఆ విభాగపు మొదటి నిబంధన. నిజం చెప్పాలంటే ఉన్నది అదొక్కటే. మిగిలిన నూట పద్దెనిమిదీ దానికి వివరణలు.

జాయింట్ డైరెక్టర్ పరాంకుశంగారు కారు చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, సిబ్బందిని పిలిచి ఇలా సెలవిచ్చారు:

"దీనిని కేవలం ఒక వాహనంగా పరిగణించరాదు. ఇది వేగం యొక్క పశ్చాత్తాపం. నేటి నుండి ఈ వాహనం ఇరవై కిలోమీటర్ల వేగంతో జిల్లా అంతటా సంచరించి, ప్రజలకు నెమ్మదిని బోధించును."

ఆయన భారీ మనిషి. కారులోకి దిగడం దిగారు గానీ ఎక్కడం, అంటే బయటికి రావడం, ఇద్దరు అటెండర్ల పని అయింది. ఆ ఇద్దరికీ అదే రోజున 'ఆరోహణ సహాయకులు' అని ఉత్తర్వు ఇచ్చారు.

అలా అయిదు నెలలు ఎర్ర కారు జిల్లాలో నెమ్మదిని బోధించింది. సైకిళ్ళు దాన్ని దాటిపోయాయి. గేదెలు దాటిపోయాయి. ఒక పెళ్ళి ఊరేగింపు వెనక నుంచి వచ్చి, దారివ్వమని బ్యాండు వాయించింది.

ఫిబ్రవరిలో కారు జబ్బు పడింది. డ్రైవరు సింగయ్య దాన్ని షెడ్డులోకి తెచ్చి, దిగి, తలపట్టుకున్నాడు.

"మీరావలి బాబాయ్, దీనికి దగ్గు తగులుకుంది. ఎక్కిళ్ళు పెడతంది. వెనక నల్ల పొగ. మీటరు దగ్గర పసుప్పచ్చ దీపం ఒకటి ఎలిగి ఆరి చావడంలా."

మీరావలి ఇంజన్ చూద్దామనుకున్నాడు. కానీ విభాగంలో ఏ బానెట్టయినా తెరవాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ ఎదుటే తెరవాలి. కమిటీ వచ్చి కుర్చీల్లో కూర్చుంది. మీరావలి ముందు మూత ఎత్తాడు. లోపల ఖాళీ. ఒక గొడుగు పట్టేంత పెట్టె తప్ప ఇంకేమీ లేదు.

పరాంకుశంగారు లేచి నిలబడ్డారు. "ఇంజన్ ఏది?"

"సార్, ఇట్టాంటి బళ్ళకి ఇంజన్ ఎనకాల..."

"నిశ్శబ్దం! సూపరింటెండెంటుగారూ, నమోదు చేసుకోండి. ఇంజన్ గల్లంతు."

సూపరింటెండెంటు శేషారత్నంగారు అప్పటికే నమోదు చేసేశారు. ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా ఆ కార్యాలయంలో కాగితం మీద పడిన ఏ మాటనూ వెనక్కి పోనివ్వలేదు. విచారణ పదకొండు రోజులు సాగింది. ఆ పదకొండు రోజులూ ఇంజన్ లేని కారును సింగయ్య రోజూ స్టార్ట్ చేసి పక్కకి జరిపేవాడు. చివరికి ఇంజన్ వెనక భాగంలో 'అనధికారికంగా నిలువ ఉన్నట్టు' తేలింది.

వెనక మూత తెరిచాక మీరావలికి పని ఎంతసేపో పట్టలేదు. స్పార్క్ ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి గుడ్డ మీద పరిచాడు. అన్నీ కిరసనాయిలు దీపం చిమ్నీల్లా మసిబారి ఉన్నాయి. గోటితో గీస్తే మసి పొడిగా రాలింది. ఇలాంటి ఇంజన్ వేడెక్కి గట్టిగా పరుగెడితేనే ఆ మసి కాలిపోతుంది. నెమ్మదిగా నడిపితే పేరుకుపోతుంది. క్లచ్చి సంగతీ అంతే. ఇరవై దాటనివ్వకుండా సింగయ్య దాన్ని అయిదు నెలలుగా సగం తొక్కిపెట్టే ఉంచాడు. అది మాడిన అట్టు వాసన వేస్తోంది.

మీరావలి ప్లగ్గులు తుడిచి, క్లచ్చి సరిచేసి బిగించాడు. కారు చక్కగా గాండ్రించింది. వారం తిరిగేసరికి మళ్ళీ దగ్గింది. మళ్ళీ తుడిచాడు. మళ్ళీ దగ్గింది. మూడోసారి లోప నివేదిక అడిగారు. 'లోపానికి కారణం' అన్న గడిలో అతను గుండ్రని అక్షరాలతో రాశాడు: నెమ్మదిగా నడపడం.

పది నిమిషాల్లో పిలుపు వచ్చింది.

"మీరావలీ!" పరాంకుశంగారు ఆ కాగితాన్ని చిటికెన వేలితో ఎత్తి పట్టుకున్నారు. "మన విభాగం యొక్క పరమ ధ్యేయమే రోగమని లిఖితపూర్వకంగా ఇచ్చితివి. ఇది రేపు శాసనసభలో చదివిన యెడల?"

"సార్, నేను డాక్టరు లాంటోణ్ణి. మనిషికి మలేరియా వస్తే మలేరియా అనే రాస్తాను గదా. ఈ బండికి నెమ్మది జబ్బు చేసింది. ఒక్క అరగంట, ముప్పావుగంట గట్టిగా తోలితే అదే దిగిపోద్ది."

"గట్టిగా అనగా?"

"నూటనలభై."

ఆరోహణ సహాయకులు పరాంకుశంగారికి మంచినీళ్ళిచ్చారు.

శేషారత్నంగారు మాత్రం కదలలేదు. ముందు ఆ గడిలో మాట కొట్టేసి 'చలన సంయమన జనిత ధూమ సంచయం' అని రాశారు. తర్వాత మొదటి నిబంధన తీసి చదివారు.

"రోడ్డుపై ఇరవై దాటరాదు, అని ఉంది సార్. రోడ్డుపై. గాలిలో అని లేదు."

అలా మార్చి మూడో తేదీన కార్యాలయ ఆవరణలో కారు వెనక భాగాన్ని నాలుగు స్టాండ్ల మీద ఎత్తారు. ఇంజన్ మరీ వేడెక్కకుండా ఆఫీసులోని మూడు స్టాండు ఫ్యాన్లూ తెచ్చి ఎదురుగా పెట్టారు. ఫ్యాన్లు పోయిన సెక్షన్లు పని ఆపి చూడటానికి వచ్చాయి. నూటనలభై వేగంలో ఉన్న వాహనంలో బాధ్యతగల అధికారి ఉండి తీరాలని నలభై రెండో వివరణ. అందుకని పరాంకుశంగారు హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని మీరావలి పక్కన కూర్చున్నారు.

మీరావలి యాక్సిలరేటరు తొక్కాడు. చక్రాలు గాలిలో గిర్రున తిరిగాయి. యాభై, ఎనభై, నూట ఇరవై. వెనక గొట్టాల్లోంచి నల్లటి మేఘం ఒకటి బయటికి వచ్చి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ మీద కమ్ముకుంది. తర్వాత పొగ పలచబడింది, తెల్లబడింది, లేకుండా పోయింది. ఇంజన్ దగ్గు మాని ఒకే శ్రుతిలో పాడటం మొదలుపెట్టింది. మీరావలికి చెవుల్లో అమృతం పోసినట్టయింది. మీటరు దగ్గరి పసుపు దీపం ఆరిపోయింది.

ముప్పావుగంట అవుతుండగా పరాంకుశంగారు ఒక కన్ను తెరిచారు. కిటికీలోంచి ఫ్యాన్ల గాలి మొహానికి కొడుతోంది. ఇంజన్ హోరెత్తుతోంది. ఆయన రెండో కన్ను కూడా తెరిచి నెమ్మదిగా అడిగారు:

"ఏ ఊరు దాటాం?"

రోగం కుదిరింది. కథ అక్కడితో అయిపోవలసింది. కానీ మర్నాడు శేషారత్నంగారు లాగ్ బుక్ రాయబోయి కలం ఆపారు. మీటరు ముందురోజు కంటే నూట ఆరు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది.

"ఎక్కడి నుంచి, వేములదిన్నె. సరే. ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు మేడమ్. ఇక్కడే తిరిగినయ్ చక్రాలు," అన్నాడు మీరావలి.

"నూట ఆరు కిలోమీటర్లు వెళ్ళిన వాహనం ఎక్కడికీ వెళ్ళలేదని రాస్తే ఆడిట్‌వాళ్ళు నవ్వరూ?"

ఆవిడ జిల్లా పటం తీసి స్కేలుతో కొలిచారు. సరిగ్గా నూట ఆరో కిలోమీటరు దగ్గర తంగేడుకోట శాఖా కార్యాలయం ఉంది. ఆవిడ మొహం వికసించింది.

"రానూ పోనూ కలిపి రాయొచ్చు గదమ్మా," అన్నాడు సింగయ్య. "యాభైమూడు పోయి, యాభైమూడు వచ్చినట్టు."

"యాభైమూడో కిలోమీటరు దగ్గర ఏముందయ్యా? జొన్నచేను. జాయింట్ డైరెక్టరుగారు జొన్నచేలోకి వెళ్ళివచ్చారని రాయమంటావా?"

రాశారు. వేములదిన్నె నుంచి తంగేడుకోటకు. ప్రయాణించిన అధికారి: జాయింట్ డైరెక్టర్ పరాంకుశం. ఆయనే సంతకం చేశారు. ముద్ర పడింది.

ఆ మధ్యాహ్నం పరాంకుశంగారు ఒక ఫైలు మీద సంతకం చేసి పంపితే, శేషారత్నంగారు దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తెచ్చారు.

"ఇది చెల్లదు సార్. తమరు తంగేడుకోట క్యాంపులో ఉన్నారు."

"ఇక్కడే కూర్చుని యున్నాను గదా!"

"కూర్చున్నారు సార్. కానీ రాలేదు. తిరిగి వచ్చినట్టు రాయడానికి మీటరులో కిలోమీటర్లు లేవు."

పరాంకుశంగారు ఆలోచించారు. నియమం ప్రకారం ఆవిడ మాట నిజం. నియమం తెలిసిన మనిషి గనక ఆయన కుర్చీలోంచి లేచి, బయట సందర్శకుల బెంచీ మీద కూర్చున్నారు. తొంభై రోజుల పాటు రోజూ పదిన్నరకు వచ్చి ఆ బెంచీ మీదే కూర్చున్నారు. లోనికి వెళ్ళాలంటే చీటీ రాసి పంపేవారు. 'అధికారి క్యాంపులో ఉన్నారు, తర్వాత రండి' అని చీటీ తిరిగి వచ్చేది.

తంగేడుకోటకు ఉత్తరం రాశారు, కారునూ అధికారినీ వెంటనే పంపవలసిందని. ఇద్దరూ ఇక్కడికి చేరలేదని జవాబు వచ్చింది. అంటే దారిలో తప్పిపోయినట్టే. పోలీసులకు ఫిర్యాదు వెళ్ళింది. ఒక హెడ్ కానిస్టేబులు వచ్చి, టోపీ తీసి కారు మీద పెట్టి, కారుకే ఆనుకుని వివరాలు రాసుకున్నాడు.

"రంగు?"

"ఎరుపు," అన్నారు శేషారత్నంగారు.

కానిస్టేబులు తను ఆనుకున్నదాని వైపు చూశాడు. "ఇట్టాంటిదేనా?"

"అచ్చం ఇలాంటిదే."

"ఇది కాదు గదమ్మా?"

"ఇదెలా అవుతుంది? అది దారిలో ఉంది."

అతను తృప్తిగా తల ఊపి, గుర్తుగా ఉంటుందని ఆ కారు నంబరే రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా మీరావలికి మొదట్లో నవ్వులాటగానే ఉంది. మే నెలాఖరున అతని చేతికి ఒక నోటీసు వచ్చింది. కారును చివరిసారి ముట్టుకున్నది అతనే గనక, అది కనపడకపోవడానికి ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. జూన్ ముప్పైన అతని రిటైర్మెంటు. ఆ కాగితాల మీద జాయింట్ డైరెక్టరు సంతకం కావాలి. ఆయనేమో కారుతోపాటు తప్పిపోయాడు. సంతకం పడకపోతే ముప్పై నాలుగేళ్ళ మచ్చలేని సర్వీసు చివర్లో 'కారు పోగొట్టినవాడు' అని మిగులుతుంది. మీరావలి కాగితం పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్ళాడు. పరాంకుశంగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"నేను ఉన్న యెడల ఈ క్షణమే చేసెడివాణ్ణి, మీరావలీ."

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం సయించలేదు. భార్య ఖాసింబీ సంగతంతా విని, చారు గిన్నె పక్కకి జరిపింది.

"కారూ ఆయనా తంగేడుకోటలో ఉన్నారని రాశారు. అంతేనా?"

"అంతే."

"అయితే ఇద్దర్నీ తీసకపోయి తంగేడుకోటలో దింపి రారాదూ? దానికింత దిగులెందుకు?"

మీరావలి అన్నం మళ్ళీ పెట్టించుకున్నాడు.

మర్నాడు శేషారత్నంగారి బల్ల ముందు నిలబడి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "మేడమ్, షెడ్డులో ఉన్న ఎర్ర బండికి ఇరవై రూలు వర్తిస్తదా?"

ఆవిడ కళ్ళజోడు తీసి ఆలోచించారు. "ఆ రూలు విభాగపు వాహనాలకు. విభాగపు వాహనం దారిలో ఉంది. షెడ్డులో ఉన్నది ఏదో రికార్డులో లేదు. రికార్డులో లేనిదానికి రూలు లేదు."

జూన్ మూడో తేదీ పొద్దున ఆరుగంటలకు ఎర్ర కారు వేములదిన్నె దాటి బైపాస్ ఎక్కింది. మీరావలి స్టీరింగు దగ్గర ఉన్నాడు. పక్కన పరాంకుశంగారు, హెల్మెట్‌తో.

ఇరవై దాటగానే ఆయన "మీరావలీ" అన్నారు. నలభై దాటగానే "మీరావలీ!" అన్నారు. అరవై దగ్గర దండకం ఎత్తుకున్నారు. ఎనభై దగ్గర దండకం మధ్యలో ఆగిపోయింది. మీరావలి నూరు దగ్గర నిలిపాడు. బైపాస్ మీద బోర్డు చెప్పిన హద్దు అదే. అతను బోర్డు చెప్పింది వినే మనిషి.

రోడ్డు పక్క పొద్దుతిరుగుడు చేలు పచ్చటి చారల్లా వెనక్కి పోతున్నాయి. స్టీరింగు అతని అరచేతుల్లో వెచ్చగా, తేలికగా, పెంచుకున్న జంతువులా చెప్పినట్టు తిరుగుతోంది. ఏ చప్పుడు వచ్చినా అందులో రోగం వెతకడం అతని బతుకు. ఈ చప్పుడులో వెతకడానికి ఏమీ లేదు. ఊరికే వింటూ కూర్చున్నాడు.

పక్క నుంచి మాట వినపడింది. పరాంకుశంగారు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఉన్న నాలుగు వెంట్రుకలూ నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"ముందు ఆ పాల వ్యాను ఉంది చూశావా?"

"చూశా సార్."

"దాన్ని దాటు."

దాటాడు.

"ఆ బస్సు?"

దాన్నీ దాటాడు. పరాంకుశంగారు బస్సులోని ప్రయాణికులకు చెయ్యి ఊపారు. ఆ తర్వాత నూట ఆరో కిలోమీటరు దాకా గ్రాంథికం ఒక్క ముక్క మాట్లాడలేదు. "అబ్బ!" అన్నారు, "ఓర్నాయనో!" అన్నారు, ఒకచోట మలుపు తిరిగాక, "మా నాయన నాకు సైకిలు కూడా నేర్పించలేదు మీరావలీ," అన్నారు.

గంటంబావుకల్లా తంగేడుకోట చేరారు. శాఖా కార్యాలయం తెరిచేది పదిన్నరకు. ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ తిని, మళ్ళీ కారులోనే కూర్చున్నారు.

పదిన్నరకు గుమాస్తా గాలయ్య వచ్చాడు. తప్పిపోయిన కారునూ, అందులోంచి బయటికి రావడానికి తంటాలు పడుతున్న అధికారినీ చూసి, ముందు రిజిస్టరు తెచ్చాడు, తర్వాత నమస్కారం పెట్టాడు.

"వేములదిన్నెలో బయల్దేరింది మార్చి మూడు. చేరింది జూన్ మూడు. తొంభై రెండు రోజులు." వేళ్ళ మీద లెక్క సరిచూసుకున్నాడు. "దూరం నూట ఆరు. మీటరు మాత్రం బయల్దేరినప్పటి కంటే రెండొందల పన్నెండు ఎక్కువ చూపిస్తంది సార్."

ఈ లెక్క మీరావలి వేసుకోలేదు.

"తొంభై రెండు రోజుల ప్రయాణం గదా," అన్నాడు గాలయ్యే, జాలిగా. "ఆ మాత్రం మెలికలు తిరక్కుండా ఎట్టుంటది?" రిజిస్టరులో 'మెలికలు' అని రాసి రసీదు చింపి ఇచ్చాడు.

రసీదు మీద ముద్ర పడిన క్షణంలో పరాంకుశంగారు మళ్ళీ ఉన్నట్టయింది. ఆయన చేసిన మొదటి పని, మీరావలి జేబులోని రిటైర్మెంటు కాగితాలు లాక్కుని కారు మీదే పెట్టి సంతకం చేయడం. నోటీసు రద్దు చేస్తూ కింద ఇంకో సంతకం పెట్టారు. ఊరికే ఉండలేక మూడోది కూడా పెట్టారు.

రసీదు రాష్ట్ర కార్యాలయానికి చేరింది. అక్కడ ఎవరో కూర్చుని గుణించి భాగించారు. తొంభై రెండు రోజుల్లో నూట ఆరు కిలోమీటర్లు. సగటు వేగం గంటకు నలభై ఎనిమిది మీటర్లు. ఇంత నెమ్మదిగా, ఇంత దూరం, ఒక్క ప్రమాదమైనా లేకుండా రాష్ట్ర చరిత్రలో ఏ ప్రభుత్వ వాహనమూ ప్రయాణించలేదు. పై నుంచి ఉత్తరం వచ్చింది. తిరుగు ప్రయాణం ఇంకా లాగ్ బుక్‌లోకి ఎక్కలేదు గనక, జూన్ ఇరవై ఆరున, కారు ఉన్నచోటనే, అంటే తంగేడుకోటలోనే, సన్మాన సభ.

సభకు కమిషనరుగారు వచ్చారు. "ఈ మహనీయుడు తొంభై రెండు దినములు వాహనమునందే ఉపవిష్టుడై, నిగ్రహమునకు నిలువెత్తు నిదర్శనముగా నిలిచినారు," అని పరాంకుశంగారికి శాలువా కప్పారు. డ్రైవరుగా నడిపినందుకు మీరావలికి ఒక ఇత్తడి తాబేలును బహూకరించారు. పరాంకుశంగారు జవాబు చెబుతూ నెమ్మది గురించి గంటసేపు మాట్లాడారు. జనం లేచి వెళ్ళిపోయాక కూడా ఇంకో పది నిమిషాలు మాట్లాడారు.

సభ అయ్యాక, బస్సులో వచ్చిన శేషారత్నంగారు లాగ్ బుక్‌తో కారు దగ్గరికి వచ్చారు. కారు దొరికింది గనక ఇప్పుడది మళ్ళీ విభాగపు వాహనం. తిరుగు ప్రయాణం రాసిన క్షణం నుంచి ఇరవై రూలు వర్తిస్తుంది. ఆవిడ కలం మూత తీశారు.

పరాంకుశంగారు అప్పటికే కారులోకి దిగిపోయారు. శాలువా సీటు వెనక్కి తోసి బెల్టు బిగించుకున్నారు. అద్దం దించి ఆవిడ చేతిలోని కలం వైపు చూశారు.

"ఇప్పుడే ఎందుకు రాయడం శేషారత్నంగారూ? అంత తొందరేముంది? నెమ్మదిగా రాద్దాం," అని, మీరావలి వైపు తిరిగి, "పోనీ," అన్నారు.